పర్దాల కారు

అమీర్‌పేట, హైదరాబాదు
11 జూన్ 1939

అక్కకు తమ్ముడు దయానందం వందనాలు.

ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు. నేను కారు కొన్నాను.

అద్దెకు తెచ్చింది కాదు, అడిగి తెచ్చుకున్నది కాదు. కొన్నాను. మా దఫ్తరు పై అధికారి నాజిం సాహెబు పింఛను పుచ్చుకుని సొంతూరికి వెళ్ళిపోతూ బంగళా సామానంతా అమ్మేశాడు. సోఫాలు పోయాయి, గడియారాలు పోయాయి, చివరికి కుక్క కూడా పోయింది. ఈ నల్ల కారు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పదమూడేళ్ళ ముసలిది, పైగా పెట్రోలు తాగడంలో మహా గట్టిది. పన్నెండేళ్ళుగా ఆయన ఉత్తరాలు తప్పు లేకుండా టైపు కొట్టినందుకు రెండు పాడిబర్రెల ధరకు నా చేతిలో పెట్టి, నవ్వుకుంటూ రైలెక్కాడు. ఎందుకు నవ్వాడో నాకు మర్నాడు తెలిసింది.

అయినా ఎంత హోదా కారనుకున్నావు! తోలేవాడికి ముందు ఒక చిన్న తోలు సీటు. వాడి వెనక అద్దాల అడ్డుగోడ. ఆ వెనక అసలు మనుషులు కూర్చునే గది, అందులో మన ఇంటి పట్టెమంచం పడుతుంది. నాజిం సాహెబు ఇంటి ఆడవాళ్ళ కోసమని కిటికీలన్నిటికీ ఎర్ర మఖ్మల్ పర్దాలు. వెనక కూర్చున్నవాళ్ళు ముందువాడితో మాట్లాడడానికి ఒక గొట్టం. అటు నోరు పెట్టి చెబితే ఇటు చెవిలో పడుతుంది. నీ మరదలు జీవమణి ఆ గొట్టంలో నాకు ఇచ్చే ఆజ్ఞలు నాజిం సాహెబు కూడా ఇచ్చి ఉండడు.

తోలడం నేర్పింది బుచ్చయ్య మిస్త్రీ. నిన్నటిదాకా టాంగా చక్రాలు బాగుచేసినవాడు, ఇవాళ మోటారు మిస్త్రీ. ఇంజను మీద చెవి పెట్టి, "దమ్ము పట్టిందన్నా, జర ఆగనియ్యి" అంటాడు. మేం ఆగుతాం. కాసేపటికి అదే లేస్తుంది. మా ఇంట్లో దాని పేరు పెద్దాయన.

నవ్వింది చాలు. రూతమ్మకు మూడో నెల అని అల్లుడు సాలమన్ రాశాడు. నీ బిడ్డకు మొదటి పాప ఇంట్లోనే పోయింది. రెండోవాడు తాలూకా ఆస్పత్రి ఇంకా మూడు మైళ్ళుందనగా ఎడ్లబండిలో పోయాడు. ఆ ఉత్తరం చదివిన రోజు నేను దఫ్తరులో టైపు మిషను ముందు ఏడ్చాను. ఇక్కడ మూసీ అవతల ఆడవాళ్ళ ఆస్పత్రి ఉంది, నా గడపలో కారు ఉంది. ఏడో నెల రాగానే రూతమ్మను నా దగ్గరికి పంపు. నేనీ కారు కొన్నది ఆదివారం షికార్లకు కాదక్కా.

నీ తమ్ముడు,
దయానందం


మిషన్ కాంపౌండు, జనగామ తాలూకా
25 జూన్ 1939

ఒరే దయానందం,

కూర్చోమన్నావు, కూర్చున్నాను. చదివాక లేవలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా బైబిలు సంచీ భుజాన వేసుకుని ఊరూరా నడిచి వాక్యం చెప్పుకుంటున్నదాన్ని. నా తమ్ముడికి మఖ్మల్ పర్దాలా? మనమేం నవాబులమా? మొన్నటిదాకా సైకిలుకు గాలి కొట్టడానికి పక్కింటివాణ్ణి పిలిచినవాడివి, నీకు కారేమిట్రా?

పోనీ కొంటే కొన్నావు. తోలేవాణ్ణి పెట్టుకోకుండా నువ్వే తోలడమేమిటి? మన నాయన ముప్పై ఏళ్ళు దొరగారి గుర్రబ్బండికి ముందు కూర్చున్నాడు. వానొస్తే దొరసాని లోపల, నాయన బయట. ఆయన దగ్గుతూ దగ్గుతూ పోయాడు. నా కొడుకు బండికి ముందు కూర్చోవద్దు బిడ్డా, వెనక కూర్చోవాలె అని నా చేయి పట్టుకుని అన్నాడు. అందుకే కదా నేను మీ బావ పోయి తెల్లచీర కట్టుకున్న ఏడాదే ఈ పనిలో చేరి నిన్ను చదివించింది. తీరా నువ్వు కొన్న కారులో నువ్వే ముందు కూర్చున్నావు!

రూతమ్మ సంగతి తొందరపడి చెప్పలేను. పిల్ల భయంతో సగమైంది. నాకు బండ్లంటేనే నమ్మకం పోయింది, ఎడ్లదైనా పెట్రోలుదైనా. దారి మధ్యలో ఆగిపోయే దానిలో నా బిడ్డను ఎక్కించలేను. మన మిషనులో పనిచేసే చిన్నప్ప సువార్త పుస్తకాలు తెచ్చుకోవడానికి ఆగస్టులో పట్నం వస్తాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు. నీ కారును కళ్ళతో చూసి వచ్చి వాడు సరేనంటే పంపుతాను. అంతా వాడి మాట మీదే ఉంటుంది.

జీవమణికి దీవెనలు. చింతచిగురు ఎండబెట్టి పెట్టాను, చిన్నప్పతో పంపుతాను.

అక్క మగ్దలీనమ్మ


అమీర్‌పేట
6 ఆగస్టు 1939

అక్కా,

చిన్నప్ప ఇంకా రాలేదు. వాడొచ్చేలోపు నా నోటితో నేనే అన్నీ చెప్పుకుంటాను. నాలుగు పేజీలవుతుంది, ఓపికగా చదువు.

పెద్దాయన చాదస్తాలు పెద్దాయనవి. పొద్దున లేవాలంటే ముందు హ్యాండిలు వేసి ఇరవైసార్లు తిప్పాలి. దాహమెక్కువ, రెండు కుండల నీళ్ళు పక్కనుండాలి. పంజగుట్ట ఎక్కుడు దగ్గర తప్పకుండా ఆగుతాడు. అక్కడ చేను చేసుకునే సారయ్య మా చప్పుడు వినగానే నాగలి విప్పి ఎడ్లను తోలుకొస్తాడు. "మళ్ళ ఆగిండా పెద్దాయన? నా ఎడ్లకు సుత అలవాటైందన్నా, మీ మోటరు కనబడితే అవే ఉరుకుతున్నయి" అంటాడు. అయినా ఒక్కటి గమనించాను. ఆగుతాడే గాని, చేరకుండా ఎప్పుడూ ఉండలేదు.

పర్దాల సంగతి విను. వెనక సీటు స్ప్రింగులు బయటికొచ్చాయి కాబట్టి సిగ్గుకొద్దీ పర్దాలు వేసే తిప్పుతున్నాం. ఈ ఊళ్ళో పర్దా వేసిన కారంటే ఏదో గొప్ప ఘోషా ఇంటి ఆడవాళ్ళని అర్థం. నాలుగు దారుల దగ్గర పోలీసు మిగతా బండ్లను ఆపి మాకు సలాం కొడతాడు. నడిచేవాళ్ళు ముఖాలు గోడవైపు తిప్పుకుంటారు. లోపల ఉన్నది జీవమణి, వేరుశెనక్కాయలు తింటూ.

మూడు వారాల కింద పంజగుట్ట వైపు బంగళా నుంచి ఒక పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసింది. వాళ్ళ ఆడవాళ్ళు టాంగా ఎక్కరు, డాక్టరమ్మకు కబురంపితే సాయంత్రం దాకా రాదు. "భాయ్, మీ మోటరుకు పర్దాలున్నయట" అని చేతులు పట్టుకున్నాడు. వాకిలి నుంచి కారు దాకా అటూ ఇటూ దుప్పట్లు పట్టి నిలబడ్డారు. నేను తలుపు తీసి, తల దించి, సలాం చేసి పక్కకు తిరిగాను. అది పద్ధతి. జీవమణి లోపల తోడు కూర్చుంది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ పెద్దమనిషి నాతో ఒకటే అడిగాడు. మా ఇంటి ఆడది గడప దాటిందని ఎక్కడా అనొద్దు అన్నాడు. మాటిచ్చాను.

అప్పటినుంచి ఇంకో నలుగురిని తీసుకెళ్ళాను. ఇద్దరు బురఖా వాళ్ళు, ఒకరు దేశ్‌ముఖుల కోడలు, ఒకరు పక్కవీధి కోమట్ల అమ్మాయి. అందరికీ ఆ పర్దాలే కావాలి, అందరిదీ అదే మాట. మసి అంటుతోందని బుచ్చయ్య దగ్గర ఒక ఖాకీ కోటు, టోపీ తీసుకున్నాను. చూసినవాళ్ళు నన్ను డ్రైవరనే అనుకుంటారు. అనుకోనీ. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చదివి పొయ్యిలో పెట్టు.

ఇంకో రహస్యం, ఇది జీవమణికి కూడా తెలియదు. ఆ గొట్టానికి రెండు పక్కలా మూతలుండాలట. వెనకవాళ్ళు మూత తీసి మాట్లాడి మళ్ళీ పెట్టేయాలి. రెండు మూతలూ ఎప్పుడో పోయాయి. అంచేత వెనక గుసగుసలాడినా నా చెవిలో స్పష్టంగా పడుతుంది. నా తోలడం గురించి జీవమణి పక్కింటి రాజమ్మతో ఏమేం చెబుతుందో నాకంతా తెలుసు. తెలియనట్టు కూర్చుంటాను. ఇంత సుఖం ఏ మొగుడికి దొరుకుతుంది!

ఇదీ నా కారు కథ. ఇది చదివాక నువ్వు రూతమ్మను పంపుతావని నా నమ్మకం. ఉత్తరం అంటించి జీవమణి చేతికిస్తున్నాను, చర్చికి పోతూ డబ్బాలో వేస్తానంటోంది.

నీ దయానందం


మిషన్ కాంపౌండు
10 సెప్టెంబరు 1939

దయానందం,

చిన్నప్ప వచ్చాడు. చింతచిగురు మూట తిరిగి తెచ్చాడు. నీ గడప తొక్కలేకపోయాడట పాపం, కాళ్ళు రాలేదట.

మంగళవారం నాడు నిన్ను ఖైరతాబాదు దగ్గర చూశాడట. ఖాకీ కోటు, నెత్తిన టోపీ. కారు ఆపి, తలుపు తీసి, ఒక బురఖా ఆమెకు వంగి సలాం చేశావట. గురువారం అదే కారు, అదే కోటు. ఈసారి వేరే ఆడమనిషి, పట్టుచీర. శనివారం మూడో ఆమె. పక్కన జీవమణి లేదు, ఎవరూ లేరు. "కారు ఆయనదే కాదక్కా, ఎవరి దగ్గరనో డ్రైవరు పనికి కుదిరిండు. లేకుంటే ఇంకేమున్నదో, గది నా నోటితోని చెప్పలేను" అన్నాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదని నేనే రాశాను. ఏ నోటితో కాదనను?

డ్రైవరు పనే అయితే నాయన ఎముకలు మట్టిలో కదులుతాయి. ఇంకోటే అయితే నేనెవరికి చెప్పుకోను? రెంటిలో ఏదైనా నా దగ్గర దాచావు. నువ్వు చెప్పే మాటలు నాకిక వద్దు. ఒకడు కళ్ళతో చూశాడు.

రూతమ్మ ఇక్కడినుంచి కదలదు. బతికినా చచ్చినా నా కళ్ళ ముందే ఉంటుంది.

నేను మనుషులతో పోట్లాడేదాన్ని కాదు, నా పోరాటమంతా మోకాళ్ళ మీదే. ఇక్కడి చర్చి అయ్యగారికి ప్రార్థన విన్నపం రాసిచ్చాను. మీ సంఘం అయ్యగారికి కూడా పోస్టులో పంపాను. నీ పేరు రాయలేదులే, నాకా మాత్రం ఇంగితముంది.

మగ్దలీనమ్మ


అమీర్‌పేట
24 సెప్టెంబరు 1939

అక్కకు,

నీ విన్నపం ఇవాళ ఆరాధనలో చదివారు. నేను రెండో వరుసలో కూర్చున్నాను. "పర్దాల కారులో చిక్కుబడి నశించిపోతున్న ఒక సహోదరుని విడుదల కొరకు" అని అయ్యగారు కళ్ళు మూసుకుని చదివారు. నా పేరు రాయలేదన్నావు. నిజమే, రాయలేదు. మా సంఘంలో పర్దాల కారు ఎన్ని ఉన్నాయనుకున్నావు? అందరూ కళ్ళు మూసుకోవలసిన వేళ అందరూ కళ్ళు తెరిచి నన్నే చూశారు. కారు చర్చి ముందే నిలబడి ఉంది, నీళ్ళు కారుస్తూ.

ఆరాధనయ్యాక సంఘ పెద్దలు నిలబెట్టి అడిగారు. ఎవరా ఆడవాళ్ళు? మాటిచ్చాను, చెప్పలేనన్నాను. అయితే వచ్చే ఆదివారం నుంచి కానుకల సంచీ పట్టవద్దన్నారు. పదకొండేళ్ళు పట్టాను ఆ సంచీ. జీవమణి నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపాను. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

వాళ్ళనుకుంటే నాకు ఫికర్ లేదు. నాలుగు పేజీలు నీకు రాశాను. ఎవరికీ చెప్పనిది నీకు చెప్పాను. అదంతా చదివి కూడా నువ్వు చిన్నప్ప మాటే పట్టుకుంటే, ఇంకో నాలుగు పేజీలు రాసి ఏం లాభం? నాకు మనసు విరిగిపోయిందక్కా. ఇంత సూటిగా నీకెప్పుడూ రాయలేదు.

నన్ను ఏమైనా అనుకో. నా మీది కోపానికి ఆ పిల్లను బలి పెట్టకు. డిసెంబరు ఎంతో దూరం లేదు. యుద్ధం వచ్చిందని పెట్రోలు కూడా ముందు ముందు దొరకదంటున్నారు. రూతమ్మ కోసం రెండు డబ్బాలు మంచం కింద దాచి ఉంచాను, వేరే ఎవరికీ వాడను.

దయానందం


మిషన్ కాంపౌండు
19 నవంబరు 1939

దయానందానికి,

నాలుగు పేజీలన్నావు. నాకు జూన్‌లో వచ్చింది రెండు పేజీలు. లెక్క పెట్టడం కూడా మరిచిపోయావు. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

మంత్రసాని మంగవ్వ నిన్న రూతమ్మ కడుపు చూసింది. "నా వల్ల కాదు మగ్దలీనమ్మా, ఈ పిల్లను దాటించు" అంది. నేనింకా ఆలోచిస్తున్నానని ఏదో అనబోయాను. రూతమ్మ లేచి పెట్టె సర్దుకుంది. "అమ్మా, మామ డ్రైవరైతే ఏంది, దొంగైతే ఏంది? నాకు బిడ్డ కావాలె. నువ్వు వస్తే రా, లేకుంటే నేనే పోత" అంది. పుట్టాక ఆ పిల్ల నాకు ఎదురు చెప్పడం అదే మొదలు.

గురువారం రైలుకు సికింద్రాబాదులో దిగుతాం. నా బిడ్డ కోసం వస్తున్నాను, నీ కోసం కాదు. టాంగా మాట్లాడుకుంటాం. ఆ కారు నా కంట పడనీకు.

మగ్దలీనమ్మ


మిషన్ కాంపౌండు
14 జనవరి 1940

నా తమ్ముడు దయానందానికి,

రూతమ్మను, పాపను నీ దగ్గర వదిలి క్షేమంగా చేరాను. నెల రోజులకు పైగా నీ ఇంట్లో తిని ఉండి, నీ ముఖం చూసి చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. నా సంగతి నీకు తెలుసు కదా. నలుగురికి వాక్యం చెప్పే నోరే గాని, తప్పయిందని చెప్పడానికి రాదు.

స్టేషను నుంచి మొదలుపెడతాను. కారు కంట పడనీయవద్దని రాశాను. నువ్వు టాంగా వెనకాలే, నడక వేగంతో, అమీర్‌పేట దాకా వచ్చావు. దారిలో రెండుసార్లు ఆగావు. నేను వెనక్కి తిరిగి చూడలేదనుకున్నావా? రెండుసార్లూ టాంగావాడితో కాస్త ఆగమన్నాను. గుర్రానికి అలుపని చెప్పాను.

ఇక డిసెంబరు తొమ్మిది. తెల్లవారుతుండగా రూతమ్మకు నొప్పులొచ్చాయి. తానే నడిచి వెళ్ళి కారులో కూర్చుంది. ఇంక నేనెక్కక ఏం చేస్తాను? నువ్వు ముందున్నావు, మధ్యలో అద్దం, చుట్టూ పర్దాలు. వెనక ఏం జరిగిందో నువ్వు చూడలేదు. చెబుతాను.

పంజగుట్ట ఎక్కుడులో కారు ఆగింది. నాకు ఆ ఎడ్లబండి గుర్తొచ్చింది. ఆనాడు బండి దారిలో ఎందుకాగిందని అందరూ అడిగితే కాడి తాడు తెగిందని చెప్పాను. సాలమన్‌కు చెప్పాను, నీకు రాశాను, మన సంఘంలో సాక్ష్యం కూడా ఇచ్చాను. తాడు తెగలేదు. నేనే ఆపమన్నాను. పిల్ల కేకలు వినలేక, బండి దిగి మోకరించి ప్రార్థన చేద్దామన్నాను. బండివాడు వద్దమ్మా పోదామన్నాడు, నేను వినలేదు. పావుగంట చేశాను. మళ్ళీ ఎక్కి కొంచెం దూరం పోయామో లేదో బాబు పోయాడు. మూడేళ్ళుగా ఇది నా కడుపులో ఉంది. నీ కారును తిట్టాను, పర్దాలను తిట్టాను. నేను భయపడింది ఇంకో బండి ఎక్కడానికి.

ఆ ఎక్కుడు మీద అదంతా పైకే అనేశాను. దేవుడితోనే అన్నాను, లోగొంతుతో. రూతమ్మ నొప్పుల్లో ఉంది, వినే స్థితిలో లేదు. నా చెయ్యి మాత్రం విరిగేంత గట్టిగా పట్టుకుంది.

అంతలో గుట్ట పక్క బంగళా నుంచి వచ్చిన ఒక బురఖా ఆమె అవతలి తలుపు తెరుచుకుని ఎక్కింది. చంకలో బిడ్డ. ముసుగు తీసి రూతమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. "ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. నేను సుత గీ సీట్లనే పండుకొని పోయిన. గిదే గుట్ట మీద ఆగింది, మళ్ళ లేసింది. చూడు, నా కొడుకు" అంది. చిన్నప్ప చూసిన బురఖా ఆమె ఈమేనో ఇంకొకామెనో నాకు తెలియదు. ఎవరైతేనేం, సిగ్గుతో ఆ పిల్లాడి ముఖం చూడలేకపోయాను.

పర్దా సందులోంచి బయటికి చూశాను. ఆ దృశ్యం చచ్చేదాకా మరవను. ముందు సారయ్య ఎడ్లు. వెనక పదిమంది మగవాళ్ళు, టోపీల వాళ్ళు, తలపాగాల వాళ్ళు, వీపులు కారుకు ఆనించి, ముఖాలు రోడ్డు వైపు తిప్పి, వెనక్కి వెనక్కి నడుస్తూ కారును నెడుతున్నారు. లోపల ఆడవాళ్ళున్నారని ఒక్కడు ఇటు తిరగలేదు. నాకు ఏడుపులో నవ్వొచ్చింది.

రూతమ్మ ముఖం తుడవడానికి గుడ్డ కోసం తలుపు సంచీలో చెయ్యి పెట్టాను. వేరుశెనగ పొట్టు, దాని కింద ఒక కవరు. నా పేరు, నీ చేతిరాత. జీవమణి డబ్బాలో వేస్తానని అక్కడ పెట్టి మరిచిపోయింది కాబోలు. దాన్ని ఏమీ అనకు.

ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఆ నాలుగు పేజీలూ చదివాను. మొదటి రెండు పేజీలకు నా తల దిగిపోయింది. మూడు, నాలుగు చదివి కాగితాలు కొంగు కింద దాచుకున్నాను. గొట్టానికి మూతలు లేవని అందులో రాశావు. అంటే గుట్ట మీద నేనన్న ప్రతి మాటా నీ చెవిలో పడింది. కిటికీలోంచి చూస్తే నువ్వు చెట్టు కింద కారుకు నీళ్ళు పోస్తున్నావు. అప్పుడే లోపల పసిపాప ఏడ్చింది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం, గుర్తుందా?

ఆ తరువాత ఇన్ని రోజులు నీ ఇంట్లో ఉన్నాను. నువ్వు ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదురా? అసహ్యమేసిందా? రూతమ్మకు నేనీ సంగతి చెప్పాలా వద్దా? నాకు ధైర్యం లేదు. పెద్దదాన్ని, అయినా నిన్నే అడుగుతున్నాను.

ఇద్దరు అయ్యగార్లకూ స్తుతి విన్నపం రాశాను. "పర్దాల కారు గురించి తొందరపడి పలికిన ఒక సహోదరి క్షమాపణ కోరుచున్నది" అని. ఈసారి పేరు రాశాను, నాది. ఆడవాళ్ళ సంగతి ఒక్క ముక్క రాయలేదు, నీ మాట నీకే ఉంది.

తప్పయింది తమ్ముడూ.

నీ అక్క


అమీర్‌పేట
22 జనవరి 1940

అక్కా,

నీ ఉత్తరం దఫ్తరులో తెరిచి, అదే టైపు మిషను ముందు మళ్ళీ ఏడ్చాను. కొత్త నాజిం సాహెబు జలుబా అని అడిగాడు. అవునన్నాను.

విన్నాను. ప్రతి మాటా విన్నాను. అడగలేదంటే, నువ్వు నాకు చెప్పలేదు కదా, దేవుడికి చెప్పుకున్నావు. మధ్యలో విన్నవాణ్ణి ఎట్లా అడగను? ఎప్పుడైనా నువ్వే చెబుతావని ఆగాను. అసహ్యమేమిటి, పిచ్చిదానా! ఆ బండిలో నేనున్నా ఆపమనేవాణ్ణి. కష్టమొస్తే ముందు మోకరించాలని నాకు నేర్పింది ఎవరు? ఆ పావుగంట లేకుంటే బాబు బతికేవాడా అని ఇక్కడి డాక్టరమ్మను అడిగాను, ఎవరి సంగతని చెప్పకుండానే. చెప్పలేనంది. ఆమెకే తెలియనిది నీకెట్లా తెలుసు?

రూతమ్మకు చెప్పాలా అని అడిగావు. మొన్న పాపకు పాలు పడుతూ తానే జీవమణితో అందట: "తాడు తెగలేదత్తా. నేను గా బండ్లనే ఉన్న కదా, అమ్మ ప్రార్థన నాకు ఆనాడే వినబడ్డది. తెలిసిందంటే ఆమె చచ్చిపోతదని ఊకున్న. మొన్న గుట్ట మీద అమ్మ చెయ్యి పట్టుకున్నది నొప్పికి కాదు." అక్కా, మూడేళ్ళు నువ్వు ఆ పిల్ల దగ్గర దాచావు, ఆ పిల్ల నీ దగ్గర దాచింది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఇద్దరే.

నిన్న ఆరాధనలో నీ పేరుతో స్తుతి విన్నపం చదివారు. కానుకల సంచీ మళ్ళీ నా చేతికొచ్చింది. చిన్నప్ప వచ్చాడు. వెనక సీటులో కూర్చోబెట్టి పంజగుట్ట దాకా తిప్పాను, ఎక్కుడు మీద ఆగితే దిగి నెట్టాడు, ముఖం రోడ్డు వైపు తిప్పుకునే. ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాడు. ఈసారి చింతచిగురు మూట ఇంటిదాకా వచ్చింది.

నాయన మాట కూడా ఆలోచించాను. వెనక కూర్చోమన్నాడు, నిజమే. కాని ముందు కూర్చుంటేనే కదా వెనకవాళ్ళ బాధ చెవిలో పడేది. ఆయనకూ ఎన్ని తెలుసో, ఎన్ని చెప్పకుండా పోయాడో.

వచ్చే నెల మొదటి ఆదివారం పాప బాప్తిస్మం. శుక్రవారం రైలుకు రా. స్టేషనుకు కారు తెస్తాను, టాంగా ఎక్కితే ఊరుకోను. నువ్వూ రూతమ్మా వెనక కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోండి.

బుచ్చయ్య గొట్టానికి ఇత్తడి మూతలు చేసుకొచ్చాడు. మంచి పనితనం. జీవమణికి తెలిసేలోపు తీసుకుపొమ్మన్నాను.

నీ తమ్ముడు,
దయానందం